ఊరి లెక్క ఊరికి చెప్పిందెవరు?



ఇది పెద్ద పోస్టు. మోటరు పెట్టి ఒడ్డు మీద ఖాళీగా కూచున్నోళ్ళు ఇప్పుడే చదవండి. పనిలో ఉన్నోళ్ళు రాత్రి తిన్నంక చదవండి.

మొన్న మా ఊర్ల గ్రామసభ జరిగింది. వచ్చే ఏడాదికి పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాయాలని పిలిచిన్రు. యాభై అరవై మందిమి పోయినం. గంటలో అయిపోయింది. ఒకరు సీసీ రోడ్డు అన్నరు, ఒకరు మోరీ అన్నరు, ఇంకొకరు కోతుల బాధ చెప్పుకున్నరు. అన్నీ కావాల్సినవే, నేను కాదన. రాసుకున్నరు, సంతకాలు తీసుకున్నరు. లేచేముందు నేనొక్క మాట అడిగిన: "మన ఊర్ల బోర్లు ఎన్ని? అందుల నీళ్ళు పోస్తున్నవి ఎన్ని? ఈ యాసంగికి ఎన్ని ఎకరాలకు సరిపోతయి?" ఎవ్వరు మాట్లాడలె. వెనక కూచున్న ఒక పెద్దమనిషి నవ్వి, "గది తెలిస్తే మనకు ఈ తిప్పలెందుకు రా" అన్నడు.

ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. మా తమ్ముని కొడుకు కొత్త బోరు వేస్తా అంటున్నడు. ఆరు వందల ఫీట్లు పోవాలంట. పెళ్ళాం మెడలది బ్యాంకుల పెట్టి వేస్తడంట. "పెదనాన్నా, నువ్వు వద్దంటే ఆగుతా, కానీ ఎందుకు వద్దో చెప్పు" అన్నడు. నేను ఇంతకుముందు మూడు బోర్లు వేసి రెండు పోగొట్టుకున్నోణ్ణి. వద్దు అనాలని నాకు తెలుసు. కానీ ఎందుకు వద్దో చెప్పడానికి నా చేతిల లెక్క లేదు. యాభై ఏళ్ళు దాటి ఇదే ఊర్ల బతికిన నాకు మా ఊరి భూమి కింద ఎన్ని నీళ్ళున్నయో తెల్వదు.

అప్పటినుంచి ఒక్కటే ఆలోచన. ఊరిని లెక్కగట్టి, దాన్ని బట్టి ముందు సంగతి ఆలోచించుడు అనే పని మనదేశంలో ఎవరు మొదలుపెట్టారు, ఎట్ల చేశారు, ఆ లెక్కలు ఏమైనయి? నేను ఇంటర్ సీఈసీ చదివినోణ్ణి, పెద్ద చదువు కాదు. దొరికినవి చదివిన, అడిగి తెలుసుకున్న. అది మీతో పంచుకుంటున్న.

1. మొదట లెక్కగట్టినోళ్ళు

బ్రిటిష్ వాళ్ళు ఊళ్ళను ఎప్పటినుంచో కొలిచారు. కానీ వాళ్ళ కొలత శిస్తు కోసం. ఎంత భూమి, ఎంత పంట, ఎంత వసూలు. ఇంట్లో పొయ్యి వెలుగుతుందా లేదా అన్నది ఆ లెక్కలో ఉండేది కాదు.

వేరే రకంగా చూసినోళ్ళలో మొదటి వరసలో హెరాల్డ్ మాన్ అనే ఆయన ఉన్నాడు. పూణె వ్యవసాయ కాలేజీ ప్రిన్సిపాల్. పూణె పక్కన పింప్లా సౌదాగర్ అనే ఊరిని ఇంటింటికీ తిరిగి చూసి 1917లో పుస్తకం వేశాడు. పాత దస్త్రాలు తీస్తే 1771లో ఆ ఊర్లో ఒక్కో రైతుకు సగటున 40 ఎకరాలు ఉండేది. ఆయన చూసేనాటికి 7 ఎకరాలకు వచ్చింది. అది కూడా ఒక్క చోట కాదు, ముక్కలు ముక్కలుగా. ఒక్కో ఇంటి రాబడి, ఖర్చు పక్కపక్కన రాస్తే, భూమి మీదనే బతికే ఇళ్ళు చాలా కొద్ది. ఎక్కువ ఇళ్ళకు లోటే. రైతు సోమరి కాబట్టి పేదోడు అని చెప్పుకునే రోజుల్లో, అసలు కమతమే సరిపోతలేదని అంకెల్లో చూపించాడు. ఆ పింప్లా సౌదాగర్ ఇప్పుడు పింప్రి చించ్వడ్ నగరంలో కలిసింది, అంతా అపార్టుమెంట్లే.

అదే రోజుల్లో మద్రాసు యూనివర్సిటీకి గిల్బర్ట్ స్లేటర్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ వచ్చాడు. ఆయన 1916లో విద్యార్థుల చేతికి ప్రశ్నల పట్టిక ఇచ్చి, సెలవుల్లో ఊళ్ళకు పోయి వివరాలు రాసుకురమ్మన్నాడు. 1918లో అది పుస్తకమైంది. దాదాపు ఇరవై ఏళ్ళకు పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అనేవాళ్ళు మళ్ళీ ఆ ఊళ్ళకే పోయి ఏం మారిందో చూసి 1940లో ఇంకో పుస్తకం వేశారు. మళ్ళీ అదే ఊరికి పోవడం అన్నది చాలా పెద్ద సంగతి. ఒక్కసారి తూకం వేస్తే బరువు తెలుస్తది గానీ, మనిషి చిక్కుతున్నడా ఒళ్ళు చేస్తున్నడా తెల్వదు కదా.

మన తెలుగోళ్ళలో ఎన్.జి. రంగా గారు ఆ పని చేశారు. నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆక్స్‌ఫర్డులో చదివొచ్చి డెల్టా ఊళ్ళ ఆర్థిక పరిస్థితి మీద 1926లో పుస్తకం రాశారు. తర్వాత 1934లో నిడుబ్రోలులోనే రైతులకు బడి పెట్టారు. ఊరిని చదివినాయన ఊరికే పాఠం చెప్పడానికి తిరిగొచ్చిన ముచ్చట ఇది.

ఇంకొకాయన జె.సి. కుమారప్ప. 1929-30లో గుజరాత్ విద్యాపీఠ్ తరఫున విద్యార్థులను వెంటబెట్టుకుని ఖేడా జిల్లా మాతర్ తాలూకాలో 54 ఊళ్ళు తిరిగాడు. ఆ ఊళ్ళ ప్రజలకు నిజంగా ఎంత మిగులుతుంది, సర్కారు ఎంత పన్ను గుంజుతుంది అని లెక్కతీశాడు. శిస్తు మోయలేనిదని చెప్పడానికి రైతు ఏడుపు సరిపోదు, అంకె కావాలె అని ఆయనకు తెలుసు.

చూడండి, ఒకే పని, ఊరి లెక్క. సర్కారు చేస్తే శిస్తు పెరుగుతుంది. కుమారప్ప చేస్తే శిస్తు తగ్గించమనే వాదన అవుతుంది. లెక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పనికి వస్తది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుకు పోదాం.

2. మా పాలమూరు దాకా వచ్చిన బ్లాకులు

స్వతంత్రం వచ్చినంక ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికా ఇంజనీరు, ఆర్కిటెక్టు నెహ్రూతో పరిచయం కొద్దీ ఇక్కడికి వచ్చి 1948లో ఉత్తరప్రదేశ్ ఇటావా జిల్లాలో ఒక పని మొదలుపెట్టాడు. మహేవా అనే చోట కేంద్రం, చుట్టూ 64 ఊళ్ళు. మందుకొకరు, విత్తనానికొకరు, పశువులకొకరు అని పదిమంది ఆఫీసర్లు తిరిగే బదులు, అన్నీ తెలిసిన ఒక్క మనిషి ఊర్ల మధ్య ఉండాలె అన్నది ఆయన ఆలోచన. పంజాబ్ 591 అనే గోధుమ రకం, పచ్చిరొట్టకు జనుము, ఇట్లాంటివి రైతు కళ్ళముందు వేసి చూపించారు. ఇంకో మాట కూడా ఆయన గట్టిగా అన్నాడు: కింది ఉద్యోగి పై ఆఫీసరుకు ఎదురు చెప్పే ధైర్యం లేకపోతే, ఊరి నిజం పైకి పోదు అని. ఎంత నిజం! ఇప్పటికీ మా ఊరి సంగతి మండలం దాటేసరికి అంతా బాగే అని మారిపోతది.

ఇటావా బాగుంది అనుకుని 1952 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 55 చోట్ల సమాజ వికాస పథకం మొదలుపెట్టారు. ఒక్కో ప్రాజెక్టుకు దాదాపు 300 ఊళ్ళు, మూడు బ్లాకులు. మన పెద్దోళ్ళు "బ్లాకు ఆఫీసు", "గ్రామసేవక్" అనే మాటలు ఇప్పటికీ అంటరు, అవి అప్పటివే. కానీ 64 ఊళ్ళలో మనుషులతో కూచుని మాట్లాడి చేసిన పనిని దేశమంతా పరచాలంటే ఏమైతది? టార్గెట్ అయితది. ఇన్ని ఎరువు గుంతలు, ఇన్ని మరుగుదొడ్లు, ఇంత రోడ్డు. ఊరి నుంచి పైకి పోవాల్సిన లెక్క, పై నుంచి ఊరికి వచ్చుడు మొదలైంది.

1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ దీన్ని చూసి, జనం ఎన్నుకున్న సంస్థల చేతికి పని ఇవ్వకుంటే ఇది జనం పథకం కాదు అని తేల్చింది. మూడంచెల పంచాయతీరాజ్ చెప్పింది. 1959లో మొదట రాజస్థాన్ నాగౌర్‌లో, తర్వాత మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షాద్‌నగర్‌లో నెహ్రూ వచ్చి మొదలుపెట్టారు. అప్పుడు షాద్‌నగర్ మా పాలమూరు జిల్లానే.

ఇదే కాలంలో ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే, కరీంనగర్ రోడ్డు మీదున్న శామీర్‌పేటను 1951-52లో చదివారు. ఒక్కరే పోలేదు. వ్యవసాయం, పశువులు, వైద్యం తెలిసినోళ్ళను కూడా తీసుకుపోయారు. కులాలు, పండుగలు, తిండి, అప్పులు అన్నీ రాశారు. 1955లో పుస్తకం వచ్చింది. మూడేళ్ళకు ఆయనే ఉత్తరప్రదేశ్‌లో సమాజ వికాస పథకం నడుస్తున్న ఊళ్ళు చూసి ఇంకో పుస్తకం రాశారు. అందులో వ్యవసాయ విస్తరణ పని లాభంలో దాదాపు 70 శాతం ఊరి పెద్దలకు, పలుకుబడి ఉన్న రైతులకే పోయిందని తేల్చారు.

ఎందుకు పోయింది? గ్రామసేవక్ చెడ్డోడు అని కాదు. జీపు ఆగేది పెద్దమనిషి ఇంటి ముందు. కుర్చీ ఉండేది ఆ ఇంట్లో. చాయ్ ఇచ్చేది ఆ ఇంట్లో. కాబట్టి ఊరి సంగతి తెలిసేది కూడా ఆ ఇంటి నుంచే. అడిగింది ఎవర్ని అనే దాన్ని బట్టే అందింది ఎవరికి అన్నది తేలిపోయింది.

మా ఊర్ల కూడా ఇదే అయింది. చాలా ఏళ్ళ కింద ఒక పథకంల చెక్‌డ్యాం వచ్చింది. సర్వేకు వచ్చినోళ్ళు రోడ్డు దిగలేదు. వాన పడితే నీళ్ళు ఏ ఒర్రెల పోతయో మేకలు కాసే పిలగాణ్ణి అడిగినా చెప్పేటోడు. అడగలె. రోడ్డు పక్కన కట్టిపోయిన్రు. నీళ్ళు ఆగలేదు. ఇప్పుడు దాని మీద కంది కట్టె ఆరబెట్టుకుంటున్నం.

3. ఔరేపల్లిలో బొమ్మా బొరుసా

ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972లో వచ్చింది. మెట్ట పంటల మీద పరిశోధన. కొత్త విత్తనం ఇస్తే రైతు ఎందుకు తీసుకుంటలేడు అన్నది వాళ్ళకు అర్థం కావాలె. 1975లో ఆరు ఊళ్ళు ఎంచుకున్నారు. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా శిరాపూర్, కల్మన్. అకోలా జిల్లా కంజారా, కింఖేడా. మా పాలమూరులో ఔరేపల్లి, దోకూరు. ఔరేపల్లి ఇప్పుడు రంగారెడ్డి జిల్లా మాడుగుల మండలంలోకి పోయింది, దోకూరు దేవరకద్ర మండలం.

ఒక్కో ఊర్లో 40 ఇళ్ళు. పది చిన్న రైతులవి, పది మధ్యరకం, పది పెద్ద రైతులవి, పది భూమి లేని కూలోళ్ళవి. జీపుల వచ్చి పోయేటోళ్ళు కాదు, వ్యవసాయ కుటుంబాల్లో పుట్టి, ఆ భాష మాట్లాడే పిల్లగాళ్ళను ఊర్లనే ఉంచారు. మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికి పోయి, ఏ చెలకల ఎంత పని, ఎంత కూలి, ఏం అమ్మిన్రు, ఏం కొన్నరు, ఎవరి దగ్గర అప్పు తెచ్చిన్రు రాసుకునుడు. పదేళ్ళు అట్లనే రాశారు. మధ్యలో ఆగి, 2001 తర్వాత మళ్ళీ అందుకున్నారు.

అప్పుడు హన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఒక ఆట పెట్టాడు. చిన్న రైతు భయస్తుడు, తెగించడు, అందుకే కొత్త సాగుకు రాడు అని అందరు అనేటోళ్ళు. నిజమా అని చూద్దామనుకున్నాడు. మాటలతో కాదు, నిజం పైసలతో. రైతు ముందు కొన్ని బేరాలు పెట్టారు. ఒకటి, బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు ఖాయం. ఇంకొకటి, ఒక వైపు పడితే 40, ఇంకో వైపు పడితే 120. ఇంకొకటి, 30 లేదా 150. చివరిది, ఒక వైపు పడితే సున్నా, ఇంకో వైపు పడితే 200. నీ ఇష్టం, ఏదో ఒకటి ఎంచుకో, రూపాయి ఎగరేస్తం. అప్పట్లో కూలోడు వారాలకు వారాలు కష్టపడితే గాని కనబడని సొమ్ము అది. మొదట అర్ధరూపాయి, తర్వాత 5 రూపాయలు, ఆ తర్వాత 50 రూపాయల స్థాయికి ఆట పెంచుకుంటూ పోయారు.

ఏం తేలింది? చిన్న పైసలకు ఒక్కొక్కరు ఒక్కో తీరు ఆడిన్రు. పైసలు పెద్దగయిన కొద్దీ ఎక్కువమంది నడిమి బేరానికి వచ్చిన్రు. మొత్తానికి మొత్తం పోయేది కొద్దిమందే ఎంచుకున్నరు, గట్టిగా ఖాయం పట్టుకుని కూచున్నోళ్ళూ కొద్దిమందే. ఇక అసలు సంగతి. పేదోడు, ఉన్నోడు ఇద్దరి ఎంపికలో పెద్ద తేడా లేదు. అంటే పేద రైతు భయస్తుడు కాబట్టి వెనకబడలేదు. వాని చేతిల పెట్టుబడి లేదు, అప్పు పుట్టదు, నీళ్ళు లేవు. మనసు ఒక్కటే, జేబు వేరు. 1980లో ఈ సంగతి అచ్చయింది.

ఈ ఒక్క లెక్క ఎంత మార్చాలో చూడండి. రైతు భయస్తుడు అనుకుంటే ప్రణాళికలో ఏం రాస్తరు? అవగాహన సదస్సులు రాస్తరు. రైతుకు అప్పు పుడతలేదు అని తెలిస్తే ఏం రాయాలె? అప్పు పుట్టే దారి రాయాలె. రోగం తప్పు చెప్తే మందు తప్పే పడతది.

ఇంకోటి కూడా ఉంది. ఔరేపల్లి, శిరాపూర్, కంజారా లెక్కలు తీసుకుని రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఒక విషయం చెప్పాడు. ఒక ఇంటికి ఒక ఏడాది రాబడి పడిపోయినా, ఆ ఇంటి తిండి, ఖర్చు అంత పడిపోలేదు. బదులు, చేబదులు, చుట్టరికం, దాచిన గింజలు, ఎట్లనో ఒకట్ల ఒకరికొకరు ఆసరా అయినరు. భూమి లేనోళ్ళకు ఆ ఆసరా తక్కువే దొరికింది. కానీ కరువు అందరి మీద పడితే? ఒకరి నుంచి ఒకరు ఏం తెచ్చుకుంటరు? మా పాలమూరు వలస కథ అక్కడ మొదలైతది. ఏ డ్యాము కట్టినా పాలమూరు కూలోళ్ళు అని దేశమంతా పేరొచ్చింది గదా, అది గొప్ప కాదు, ఊరి ఆసరా తెగిపోయిన గుర్తు.

4. బాగుపడ్డమా అంటే ఎవరు చెప్పాలె?

అదే సంస్థలో పనిచేసిన ఎన్.ఎస్. జోధా అనే ఆయనవి రెండు సంగతులు చెప్పి ముందుకు పోతా.

ఒకటి, ఊరి ఉమ్మడి భూములు. ఏడు రాష్ట్రాల్లో మెట్ట ప్రాంతాల ఊళ్ళు తిరిగి, 1950 నుంచి 1980ల దాకా ఊరి బీడు, మేత భూములు, కుంటలు మూడో వంతు నుంచి సగానికి పైగా తగ్గిపోయినయని 1986లో చెప్పాడు. పేదోళ్ళ రాబడిలో 14 నుంచి 23 శాతం ఆ భూముల నుంచే వచ్చేది. కట్టెలు, మేత, పండ్లు, జిగురు. ఇవి ఏ సర్వేలో ఎవరూ ఆదాయం కింద రాయలేదు. రాయలేదు కాబట్టి పోయినప్పుడు నష్టం కిందా రాయలేదు.

రెండోది, రాజస్థాన్‌లో రెండు ఊళ్ళు. 1960లలో చూసిన ఇళ్ళనే 1980లలో మళ్ళీ చూశాడు. లెక్క ప్రకారం కొన్ని ఇళ్ళ ఆదాయం తగ్గింది, అంటే ఇంకా పేదోళ్ళయినట్టు. కానీ వాళ్ళనే అడిగితే, వాళ్ళు చెప్పుకున్న 38 గుర్తుల్లో 37 బాగైనయి అన్నరు. ఏం గుర్తులు అవి? కాళ్ళకు చెప్పులు, మూడో పూట తిండి, మనుషులు పశువులు ఒక్క గదిలో పడుకోకుండా ఉండుడు, విత్తనానికి దొర ఇంటి ముందు నిలబడకుండా ఉండుడు. మా నాయనను అడిగినా ఇదే చెప్పేటోడు. పటేలు ఇంటికి వెట్టికి పోకుండా ఉన్న రోజే నేను బాగుపడ్డ అనేటోడు. అది ఏ కాలంలో రాస్తరు?

1980ల చివర్లో రాబర్ట్ చాంబర్స్ లాంటి వాళ్ళు, కర్ణాటకలో మైరాడా, గుజరాత్‌లో ఆగాఖాన్ గ్రామీణ సంస్థ, ఈ ప్రశ్నల పట్టికలు పక్కన పెట్టి ముగ్గుపిండి పట్టుకున్నరు. ఊరి మధ్యలో నేల మీద ఊరివాళ్ళే ఊరి బొమ్మ వేసుడు. ఇది వాగు, ఇది బాయి, ఇది వితంతువు ఇల్లు, ఇది తిండికి ఇబ్బంది ఉన్న ఇల్లు. కాగితం మీద రాస్తే చదువుకున్నోడే చూస్తడు. ముగ్గు వేస్తే చదువురాని అమ్మ కూడా "అట్ల కాదు, బాయి ఇవతల ఉంది" అని చెరిపి మళ్ళీ గీస్తది.

కేరళలో ఇంకా ముందుకు పోయారు. కన్నూరు జిల్లా కల్లియాసేరి పంచాయతీలో అక్కడి జనం, శాస్త్ర సాహిత్య పరిషత్ కలిసి తమ నేల, నీళ్ళ మ్యాపులు తామే తయారు చేసుకున్నరు. 1996లో ప్రజాప్రణాళిక ఉద్యమం మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చారు. ప్రతి పంచాయతీ తన అభివృద్ధి నివేదిక అచ్చువేసుకుంది, అందులో ఆ ఊరి చరిత్ర కూడా ఉంది. మన రాజ్యాంగంలో 1993 నుంచే 243జి అధికరణం ఉంది, ఆర్థికాభివృద్ధికీ సామాజిక న్యాయానికీ పంచాయతీ ప్రణాళిక వేసుకోవాలె అని. మొన్న మా గ్రామసభల గంటలో అయిపోయింది దాని పేరు మీదనే.

5. నీళ్ళ పద్దు

ఇక నా బోరు ప్రశ్నకు జవాబు. అది ఎక్కడో లేదు, మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉంది.

2003 నుంచి కొన్నేళ్ళు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్, ఈ ఏడు జిల్లాల్లో 600కు పైగా ఊళ్ళలో రైతులు తామే భూగర్భజలాలు కొలుచుకునే ప్రాజెక్టు నడిచింది. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండ. మా ఊరు అందులో లేకుండె. మా మేనమామ ఊరు ఉండె, అప్పుడు పోయి చూసిన. ఒకాయన ఇంటి ముందు వానమాపకం. పదిహేను రోజులకొకసారి కొన్ని బోర్లలో తీగ వదిలి నీళ్ళు ఎన్ని మీటర్ల కింద ఉన్నయో చూసుడు. పైపు కింద డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లకు నిండుతదో చూసుడు. ఆ అంకెలు ఊరి మధ్య గోడ మీద రాసుడు. వానకాలం అయినంక అందరు కూచుని, ఇంత వాన పడ్డది, ఇంత లోపలికి దిగింది, ఇంత తోడుకున్నం, ఇంత మిగిలింది, యాసంగికి మీరు వేస్తా అంటున్న పంటలకు ఇంత కావాలె అని తేల్చుకునుడు.

ఎవరికీ వరి వేయొద్దని ఆర్డరు లేదు. జరిమానా లేదు. లెక్క చూసుకుని ఎవరి ఇష్టం వాళ్ళది. అన్ని ఊళ్ళలో మారిందని నేను చెప్ప. కానీ చాలా చోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు పోయిన్రు. మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా హివ్రే బజార్‌లో పోపట్‌రావ్ పవార్ సర్పంచి అయినంక ఇదే నీళ్ళ పద్దు గ్రామసభలో పెట్టి, ఇంకో అడుగు వేసి సాగుకు బోర్లే వద్దని, చెరకు వద్దని ఊరే కట్టుబాటు చేసుకుంది. 400 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ ఊరు నిలబడింది.

లెక్క ఎట్లుంటదో చూపిస్త. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే దాదాపు 4,047 లీటర్లు. మా దిక్కు గ్రానైటు నేలల్లో పడ్డ వానలో పదో వంతు అటూ ఇటుగా లోపలికి దిగుతది. ఒక ఊరికి వెయ్యి ఎకరాలు, 600 మిల్లీమీటర్ల వాన అనుకోండి. దిగేది 60 మిల్లీమీటర్లు. వరి మొత్తం బోరు మీదనే పండాలంటే దాదాపు 1,200 మిల్లీమీటర్లు కావాలె. అంటే వెయ్యి ఎకరాల మీద దిగిన నీళ్ళన్నీ తోడితే 50 ఎకరాల వరి. అదే 400 మిల్లీమీటర్ల ఆరుతడి పంట అయితే 150 ఎకరాలు. చెరువు నిండితే కొంత కలుస్తది, వరి మడిల నుంచి కొంత మళ్ళీ కిందికి దిగుతది, తాగే నీళ్ళకు కొంత పోతది. మోటు లెక్కనే. కానీ ఈ మోటు లెక్క కూడా మా గ్రామసభల లేకుండె.

కొత్త బోరు వేస్తే కొత్త నీళ్ళు పుట్టవు. పక్కోని నీళ్ళు మన పైపులకు వస్తయి. నా రెండు బోర్లు ఎండిన ఏడాది నేను దేవుణ్ణి తిట్టిన. పైనున్న మూడు కొత్త బోర్ల సంగతి తర్వాత అర్థమైంది. నేను నా మొదటి బోరు వేసినప్పుడు ఎవరి బాయి ఎండిందో, అది కూడా అప్పుడే అర్థమైంది. ఆ బాయి ఆయన ఇప్పుడు లేడు.

6. మనం చేయగలిగింది

నూరేళ్ళ కథ చదివినంక నాకు తోచింది ఇది. ఊరికి నాలుగు పద్దులు కావాలె.

నీళ్ళ పద్దు, పైన చెప్పిందే. భూమి పద్దు, పట్టా ఎవరిదో కాదు, సాగు ఎవరిదో రాయాలె, కౌలు రైతు పేరుతో సహా. పైసల పద్దు, ఊర్లకు ఏం వస్తుంది, ఊర్లనుంచి ఏం పోతుంది. కంది పండించే మా ఊరికి కందిపప్పు పాకెట్ల వస్తది. మధ్యల మిగిలేది ఎవరికో ఆలోచించండి. నాలుగోది మనుషుల పద్దు, ఎవరికి ఎన్ని రోజుల పని ఊర్ల దొరికింది, ఎవరు ఎక్కడికి వలస పోయిన్రు.

రెండు కట్టుబాట్లు. ఒకటి, మొదట అడగాల్సింది ఆడవాళ్ళను, కూలోళ్ళను, మేకలు కాసేటోళ్ళను. నా లాంటి పట్టాదారు చివర్ల మాట్లాడాలె. రెండు, ఆ కాగితం ఊర్లనే ఉండాలె, గోడ మీద ఉండాలె, ఏటా మళ్ళీ రాయాలె. ఊరోళ్ళు తమ గురించి ఏం రాసిన్రో తాము చదువుకునే వీలు లేకుంటే అది మన లెక్క కాదు.

మా తమ్ముని కొడుకుకు ఇదంతా చెప్పిన. "పెదనాన్నా, ఇప్పుడు మన బోర్లు కొలుద్దాం, సంక్రాంతికి మళ్ళా కొలుద్దాం, అప్పుడు చూస్త" అన్నడు. బంగారం బ్యాంకుకు పోలేదు, ఇంట్లనే ఉంది. సంక్రాంతికి లెక్క ఎట్లొస్తదో నాకు కూడా తెల్వదు. నీళ్ళున్నయని తేలితే వేసుకో అంట. లేవని తేలితే ఎందుకు వద్దో చెప్పడానికి ఈసారి నా చేతిల అంకె ఉంటది.

వచ్చే ఆదివారం పొద్దుగాల బడి కాడ ముగ్గుపిండి, ఒక డ్రమ్ము, తీగ పట్టుకుని ఉంటం. మా ఊరోళ్ళు రండి. వేరే ఊళ్ళోళ్ళు మీ ఊర్ల మొదలుపెట్టండి. మీ ఇండ్లల్ల పెద్దోళ్ళుంటే ఒక్క ప్రశ్న అడగండి: "నువ్వు చిన్నగున్నప్పుడు బాయిల నీళ్ళు ఎన్ని మెట్ల కింద ఉండె?" వాళ్ళు చెప్పింది రాసి పెట్టుకోండి. మీ ఊరి మొదటి లెక్క అదే.

ఉంట మరి.